చుక్‌నగర్ పసిపాప : 1971 కాందిశీకుల చరిత్రలో బాల్యం

చరిత్ర గ్రంథాలలో బాలలకు దొరికే చోటు చాలా స్వల్పం. యుద్ధాలను గురించి రాసినప్పుడు సేనానులు, సంధులు, సరిహద్దు రేఖలు కనిపిస్తాయి. వలసలను గురించి రాసినప్పుడు లక్షలు, కోట్లు కనిపిస్తాయి. ఆ లక్షలలో పసివారెందరన్న సంగతి అంకెల మాటున ఉండిపోతుంది. పసివారు వినతిపత్రాలు రాయరు, వాంగ్మూలాలు ఇవ్వరు. వారి అనుభవం పెద్దలు చెప్పగా గాని, వారే పెద్దవారై గుర్తు తెచ్చుకోగా గాని మనకు అందదు. చెప్పే పెద్దలెవరూ మిగలనప్పుడు, గుర్తుంచుకునే వయస్సే ఆ బిడ్డకు లేనప్పుడు, ఆ అనుభవం చరిత్రలోకి ఏ దారిన వస్తుంది? 1971 మే 20న నాటి తూర్పు పాకిస్తాన్‌లోని చుక్‌నగర్‌లో బతికి బయటపడిన ఒక పసిపాప వృత్తాంతం ఈ ప్రశ్ననే మన ముందుంచుతుంది.

నేపథ్యం

1970 డిసెంబరులో జరిగిన ఎన్నికలలో షేక్ ముజిబుర్ రహమాన్ నాయకత్వంలోని అవామీ లీగ్‌కు పాకిస్తాన్ జాతీయ శాసనసభలో పూర్తి ఆధిక్యత లభించింది. అధికార బదిలీ జరగలేదు. చర్చలు సాగుతుండగానే, 1971 మార్చి 25 రాత్రి ‘ఆపరేషన్ సెర్చ్‌లైట్’ పేరుతో పాకిస్తాన్ సైన్యం ఢాకా నగరంపై విరుచుకుపడింది. విశ్వవిద్యాలయంలో హిందూ విద్యార్థులు నివసించే జగన్నాథ్ హాల్, పాతనగరంలో శంఖపు గాజులు చేసేవారు తరతరాలుగా ఉంటున్న శాంఖారీ బజార్ తొలి లక్ష్యాలలో చేరాయి. విద్యార్థులు, అధ్యాపకులు, అవామీ లీగ్ కార్యకర్తలు, హిందువులు ప్రత్యేకించి వేటాడబడ్డారు. ఆ తొమ్మిది నెలలలో హతులైనవారు 30 లక్షలని బంగ్లాదేశ్ ప్రభుత్వం చెబుతుంది. అంతకంటె చాలా తక్కువ సంఖ్యలను సూచించిన పరిశోధకులూ ఉన్నారు. సంఖ్యపై వివాదమున్నా, ఆ హింస స్వభావంపై సందేహానికి తావు తక్కువ. జెనీవాలోని అంతర్జాతీయ న్యాయవేత్తల సంఘం 1972లో ప్రకటించిన నివేదికలో, హిందువుల విషయంలో జాతిసంహారం జరిగిందనడానికి బలమైన ప్రాథమిక ఆధారాలున్నాయని అభిప్రాయపడింది.

ప్రాణభయంతో జనం భారతదేశపు సరిహద్దు వైపు నడిచారు. భారత ప్రభుత్వ లెక్కల ప్రకారం 1971 డిసెంబరు మధ్యనాటికి మన దేశం చేరిన కాందిశీకుల సంఖ్య 98,99,305. ఇందులో 74 లక్షలకు పైగా పశ్చిమ బెంగాల్‌లోనే తలదాచుకున్నారు. త్రిపుర జనాభా నాటి జనగణన ప్రకారం సుమారు 15.5 లక్షలు కాగా, అక్కడికి వచ్చినవారు 14 లక్షలకు పైగా ఉన్నారు. అంటే ఒక రాష్ట్రం కొద్ది నెలలలో తనంత జనాన్ని తన గడప లోపలికి తీసుకున్నది.

ఈ ప్రయాణం బిడ్డల దృష్టిలో ఎలా ఉండి ఉంటుందో తరువాతి కాలంలో నమోదైన జ్ఞాపకాలు కొంత తెలుపుతాయి. పగలు పొదలలోనో చేలలోనో దాగడం, రాత్రి నడవడం, నడవలేని ముసలివారిని దారిలో విడిచి రావడం వాటిలో మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఏడుపు వినిపిస్తే అందరూ పట్టుబడతారన్న భయంతో తల్లులు పసివారి నోళ్ళు మూసిన సంగతులూ ఉన్నాయి. ఎందుకు ఇల్లు విడిచామో ఆ పిల్లలకు తెలియదు. మాట్లాడకూడదని మాత్రం తెలుసు. ఆ మౌనం చాలామందిలో జీవితాంతం నిలిచిపోయింది.

భద్రా నది ఒడ్డున

చుక్‌నగర్ ఖుల్నా జిల్లా డుమురియా ప్రాంతంలో భద్రా నది ఒడ్డున ఉన్న చిన్న వాణిజ్య కేంద్రం. ఖుల్నా దక్షిణ ప్రాంతాల నుండి, బాగేర్‌హాట్ వంటి చోట్ల నుండి బయలుదేరిన హిందూ కుటుంబాలు పడవలలో అక్కడికి చేరి, అక్కడి నుండి భూమార్గాన సరిహద్దుకు పోయేవి. మే 19 రాత్రికి ఆ చిన్న సంతలో, నది ఒడ్డున, చుట్టుపక్కల పొలాలలో వేలాదిమంది చేరారు. పడవలు అమ్ముకున్నవారు, ఉన్న సామానును వచ్చిన ధరకు వదిలించుకున్నవారు, తెల్లవారి అన్నం వండుకుని బయలుదేరుదామనుకున్నవారు.

మే 20 గురువారం. ఉదయం పొద్దెక్కాక సాత్‌ఖీరా వైపు నుండి సైనిక వాహనాలు వచ్చాయి. వచ్చిన సైనికులు ఎక్కువమంది కారు. వారి ఎదుట ఉన్నదంతా నిరాయుధులైన జనం. మొదట నేలకొరిగినవాడు దారి పక్క పొలంలో పని చేసుకుంటున్న స్థానిక ముస్లిం రైతు. ఆ తరువాత సంతలో, గుడిలో, నది ఒడ్డున, పడవలలో గంటల తరబడి కాల్పులు సాగాయి. మృతుల సంఖ్య పది వేల వరకు ఉంటుందని స్థానికుల అంచనా. శవాలను నదిలో వేసే పనికి కుదిరిన ఊరివారు, నాలుగు వేలు దాటాక లెక్కపెట్టడం మానేశామని తరువాత చెప్పారు. చరిత్రకారుడు ముంతాసిర్ మామూన్ ప్రత్యక్ష సాక్షుల కథనాలను సేకరించి గ్రంథస్థం చేసే వరకు, ఈ సంఘటన ఆ ప్రాంతం వెలుపల పెద్దగా తెలియనే తెలియదు.

ఆ మొదటి మృతుడి కుమారుడు తండ్రి శవాన్ని చేర్చుకున్నాడు. కాల్పులు ఆగాక శవాల మధ్యకు వెళ్ళిన అతనికి, చనిపోయిన తల్లి రొమ్మును పట్టుకుని పాలకోసం వెతుకుతున్న ఒక ఆడశిశువు కనిపించింది. వయస్సు సుమారు ఆరు నెలలు. తల్లి పాపిట సిందూరాన్ని, చేతి శంఖపు గాజులను చూసి ఆమె హిందూ స్త్రీ అని గ్రహించాడు. బిడ్డను ఎత్తుకుని ఇంటికి తెచ్చాడు. తరువాత తనకు తెలిసిన ఒక హిందూ కుటుంబానికి అప్పగించాడు. తల్లిదండ్రుల మతంలోనే ఆ బిడ్డ పెరగాలన్నది అతని ఉద్దేశం. పెంచిన ఇంటివారు ఆమెకు పేరు పెట్టుకున్నారు. కన్నవారు పెట్టిన పేరు ఏమిటో ఎవరికీ తెలియదు. ఆమె పెరిగి పెద్దదై, పెళ్ళి చేసుకుని, రెక్కల కష్టం మీద బిడ్డలను సాకింది. తన తల్లి ఊరేదో, తండ్రి ఎవరో, తనకు తోబుట్టువులుండేవారో లేదో ఆమెకు తెలిసే మార్గం లేదు. తనను బతికించిన మనిషి ద్వారానే ఆమెకు తన కథ తెలిసింది.

ఒప్పందంలోని ఐదవ అంశం

ఇక్కడ ఒక న్యాయపత్రాన్ని గుర్తు చేసుకోవడం అవసరం. 1948 డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన జాతిసంహార నిరోధక ఒప్పందం ఐదు రకాల చర్యలను నేరాలుగా పేర్కొన్నది. ఒక జాతి, తెగ, వర్ణం లేదా మత సముదాయాన్ని నాశనం చేసే ఉద్దేశంతో దాని సభ్యులను చంపడం, శారీరక మానసిక హాని కలిగించడం, బతకలేని పరిస్థితులు కల్పించడం, జననాలను అడ్డుకోవడం వాటిలో నాలుగు. ఐదవది, ఆ సముదాయపు పిల్లలను బలవంతంగా మరొక సముదాయంలోకి మార్చడం. పాకిస్తాన్ 1957లో, భారతదేశం 1959లో ఈ ఒప్పందాన్ని ధ్రువీకరించాయి.

ఈ ఐదవ అంశం మొదట చదివినప్పుడు మిగతా నాలుగింటి పక్కన తేలికగా కనిపించవచ్చు. చంపలేదు కదా, పెంచుతున్నారు కదా అనిపించవచ్చు. అయితే ఒప్పందాన్ని రూపొందించినవారు ఒక లోతైన సత్యాన్ని గుర్తించారు. ఒక సముదాయం మనుషుల శరీరాలలోనే కాదు, తాను ఎవరి బిడ్డనో చెప్పగలిగిన పిల్లలలో బతుకుతుంది. బిడ్డ బతికి, ఆ మాట పోయినా, సంహారం కొంత నెరవేరినట్టే.

చుక్‌నగర్ రైతు ఈ ఒప్పందం పేరైనా విని ఉంటాడని అనుకోవలసిన పని లేదు. తన తండ్రి శవం ఇంట ఉన్న రోజున, ఏ మతం గుర్తులు చూసి తల్లులను చంపుతున్నారో ఆ గుర్తులనే చూసి, బిడ్డకు ఆమె వారసత్వాన్ని దక్కించాడు. సైనికుడికీ రైతుకూ కనిపించినవి అవే శంఖపు గాజులు. ఒకరికి అవి చంపడానికి కారణం. మరొకరికి బిడ్డను ఎవరి చేతిలో పెట్టాలో చెప్పిన ఆనవాలు. ప్రాణం కాపాడటం సగం పని, ఆ ప్రాణం ఎవరిదో నిలబెట్టడం మిగతా సగం అని ఈ వృత్తాంతం మనకు బోధిస్తుంది. ఆ రెండవ సగంలో అతను చేయగలిగినంతా చేశాడు. చేయలేనిది ఒక్కటే: పేరు. అది ఏ కాగితం మీదా లేదు.

శిబిరాలలో

సరిహద్దు దాటగలిగిన పిల్లల ఎదుట మరొక పోరాటం నిలిచింది. కాందిశీకులలో సుమారు 68 లక్షలమంది 800కు పైగా శిబిరాలలో ఉండగా, మిగిలినవారు బంధుమిత్రుల ఇళ్ళలో తలదాచుకున్నారు. కలకత్తా శివారు సాల్ట్ లేక్ శిబిరంలో మురుగు కాలువలకై తెచ్చిన పెద్ద సిమెంటు గొట్టాలలో కుటుంబాలు కాపురం పెట్టాయి. వర్షాకాలంతో పాటు కలరా వచ్చింది. ఎక్కువగా బలైనవారు పసివారు.

బన్‌గావ్ ఆసుపత్రిలో సిరలోకి ఎక్కించే ద్రవం నిల్వలు తరిగిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఒక సాహసం చేశారు. గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తగు పాళ్ళలో కలిపిన నీటిని నోటి ద్వారా తాగించమన్నారు. కలకత్తాలో పొడిని సంచులలో నింపి, బన్‌గావ్‌లో పీపాలలో కలిపి, రోగుల వెంట ఉన్న తల్లులకు, బంధువులకు గిన్నెలు ఇచ్చి తామే పట్టుకుని తాగించమన్నారు. నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు, ఆ చికిత్స పొందినవారిలో నూటికి నాలుగు లోపుకు తగ్గాయి. నేడు ప్రతి పల్లెలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లానికి లోకంలో నమ్మకం కుదిరింది ఆ శిబిరాల నేల మీదనే. డాక్టర్ మహలనబిస్ 2022లో మరణించగా, 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. బిడ్డను బతికించే విద్య వైద్యుడి చేతి నుండి తల్లి చేతికి మారడమే అందులోని విశేషం.

ఈ భారాన్ని మోసినవారు సరిహద్దు రాష్ట్రాల ప్రజలు మాత్రమే కారు. 1971 నవంబరు 15 నుండి దేశమంతటా ఉత్తరాలపై అదనంగా అయిదు పైసల కాందిశీకుల సహాయ బిళ్ళ అంటించడం తప్పనిసరి అయింది. మొదట, వాడుకలో ఉన్న కుటుంబ నియంత్రణ బిళ్ళల మీదనే కాందిశీకుల సహాయమని అచ్చు వేసి అమ్మారు. తరువాత ప్రత్యేక బిళ్ళ వెలువడింది. శ్రీకాకుళం నుండి ఆదిలాబాదు దాకా, కూతురి క్షేమం అడుగుతూ తల్లి రాసిన ప్రతి కవరు మీద, తాను ఎన్నడూ చూడని బెంగాలీ తల్లి బిడ్డకోసం అయిదు పైసలు చేరాయి. పాత ఉత్తరాల కట్టలు దాచుకున్న తెలుగు ఇళ్ళలో ఆ బిళ్ళలు నేటికీ కనిపిస్తాయి.

తిరుగు ప్రయాణం, తేలని లెక్కలు

1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. 1972 జనవరి ఆరంభం నుండి కాందిశీకుల తిరుగు ప్రయాణం మొదలై, ఫిబ్రవరి ముగిసేసరికి 90 లక్షలకు పైగా తమ దేశం చేరుకున్నారు. ఇంత పెద్ద సంఖ్యలో జనం ఇంత తక్కువ కాలంలో తిరిగి వెళ్ళడం ఆధునిక చరిత్రలో అరుదు. పాలనా దక్షతకు ఇది నిదర్శనమే. అయితే పాలనా గణాంకాలలో ‘తిరిగి వెళ్ళినవారు’ అన్న గడిలో చేరిన పిల్లలకు వెళ్ళడానికి ఇల్లు ఉన్నదో లేదో, ఎదురు వచ్చే మనిషి ఉన్నాడో లేడో ఆ గడి చెప్పదు.

కొత్త దేశంలో రెండు సముదాయాల పిల్లల ప్రశ్న ముందుకు వచ్చింది. సైనికుల అత్యాచారాలకు గురైన స్త్రీలకు జన్మించిన శిశువులు మొదటివారు. వారికోసం బంగ్లాదేశ్ ప్రభుత్వం 1972లో ప్రత్యేక ఉత్తర్వు జారీ చేసి, విదేశీ దత్తతకు వీలు కల్పించింది. ఆ ఏడాది జూలైలో పదిహేనుమంది శిశువులు కెనడా చేరారు. తల్లుల గౌరవ రక్షణకై వారి పేర్లు గోప్యంగా ఉండిపోవలసి వచ్చింది. బిడ్డ హక్కు, తల్లి హక్కు ఒకదానికొకటి ఎదురు నిలిచిన సందర్భమది. అక్కడ తీర్పు చెప్పడం మనవంటివారికి సులభం కాదు.

ఉర్దూ మాట్లాడే ‘బిహారీ’ల పిల్లలు రెండవవారు. 1971లో ఆ సముదాయంలోని సామాన్యులు కూడా హత్యలకు, దోపిడులకు గురయ్యారన్నది దాచకూడని సత్యం. యుద్ధానంతరం వారిలో లక్షలాదిమంది ఢాకా మొహమ్మద్‌పూర్‌లోని జెనీవా క్యాంపు వంటి చోట్ల ఏ దేశపు పౌరులూ కాక మిగిలారు. పెద్దల పక్షపాతానికి పిల్లలు మూడున్నర దశాబ్దాలు మూల్యం చెల్లించారు. చివరకు 2008లో ఢాకా హైకోర్టు, 1971 నాటికి మైనర్లుగా ఉన్నవారూ ఆ తరువాత పుట్టినవారూ బంగ్లాదేశ్ పౌరులేనని, వారి పేర్లు ఓటర్ల జాబితాలో చేర్చాలని తీర్పు చెప్పింది. పేరు ఒక జాబితాలో చేరడం కొందరికి పునర్జన్మ.

జాబితా ఎప్పుడూ మేలే చేస్తుందని చెప్పలేము. 1994లో రువాండాలో గుర్తింపు కార్డు మీద రాసి ఉన్న తెగ పేరే వేలాదిమందికి మరణశాసనమైంది. కాగితానికి స్వతహాగా దయ లేదు. దానిని ఎవరు, ఎవరికోసం రాస్తారన్న దానిపైనే అది రక్షణ కవచమో, ఉరితాడో అవుతుంది. దయగల ప్రభుత్వాలకు ఈ కారణం చేతనే బాధ్యత మరింత ఎక్కువ.

మన చేతిలోని పుస్తకం

2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణా నదుల వరదలలో వేలాది కుటుంబాలు కట్టుబట్టలతో శిబిరాలకు చేరాయి. ఉద్యోగ ధర్మంగా నేను ఒక శిబిరంలో జాబితా రాశాను. కుటుంబ యజమాని పేరు, సభ్యుల సంఖ్య, ఇచ్చిన బియ్యం. పిల్లలకు గడి ఉంది; అందులో నేను రాసింది అంకె మాత్రమే. రెండవ రోజు ఒక తల్లి వచ్చి, పడవల హడావిడిలో తప్పిపోయిన ఏడేళ్ళ కొడుకు మా జాబితాలో ఉన్నాడేమో చూడమన్నది. పుస్తకం తెరిచాను. ‘పిల్లలు : 3’, ‘పిల్లలు : 2’, ‘పిల్లలు : 4’. ఆమె నా ముఖం వైపు చూస్తూ నిలబడింది. మరునాడు ఆ బాలుడు మరో శిబిరంలో క్షేమంగా దొరికాడు. దొరకడంలో నా పుస్తకం పాత్ర ఏమీ లేదు. ఆ రోజు నుండి పిల్లల పేర్లు, ఊరి పేరు, తల్లి పేరు లేకుండా నేను ఏ జాబితా మీదా సంతకం చేయలేదు. వరదకూ నరమేధానికీ పోలిక తేవడం నా ఉద్దేశం కాదు. తప్పిపోయిన బిడ్డను వెతికే తల్లికి మాత్రం రెండు చోట్లా కావలసింది ఒక్కటే.

ఢాకాలో 1996లో ప్రజల చొరవతో ఆరంభమైన విముక్తి యుద్ధ సంగ్రహాలయం ఒక మంచి సంప్రదాయాన్ని నెలకొల్పింది. బడిపిల్లలు తమ ఇళ్ళలోని, ఊళ్ళలోని పెద్దలను 1971 గురించి అడిగి, విన్నది రాసి పంపాలి. అలా వేల సంఖ్యలో కథనాలు చేరాయి. అడిగేది పసివారు, చెప్పేవారిలో చాలామంది నాడు పసివారే. సరిహద్దు దాటుతూ నోరు మూయించబడిన బిడ్డ, నాయనమ్మ అయ్యాక మనుమరాలి ప్రశ్నకు మొదటిసారి నోరు విప్పుతుంది. ఈ వ్యాసారంభంలో వేసిన ప్రశ్నకు, బాల్యపు అనుభవం చరిత్రలోకి వచ్చే దారి ఏదన్న దానికి, ఇది ఒక సమాధానం.

చుక్‌నగర్ పాపకు ఆ సమాధానం కూడా లేదు. ఆమె జ్ఞాపకం మరొకరి జ్ఞాపకం. ఆమెకు పుట్టినరోజు లేదు. మే 20 మాత్రమే ఉంది. ఆనాడు శవాలను లెక్కించినవారు నాలుగు వేల వద్ద ఆపేశారు. ఆ రైతు మాత్రం ఒక్కరిని చూశాడు, ఆ ఒక్కరు ఎవరి బిడ్డ అయి ఉంటుందని ఆలోచించాడు. కాందిశీకుల చరిత్ర రాసేవారికీ, శిబిరం వాకిట పుస్తకం తెరుచుకుని కూర్చునే ఉద్యోగికీ నేర్చుకోవలసిన పాఠం ఆ చూపులో ఉంది. అంకె రాయడానికి ముందు, ‘నీ పేరేమిటమ్మా?’ అని అడగాలి.